హకీమ్ సాహెబ్ పేరు పెట్టిన గుండె మందు

సర్పగంధ వేరు గురించి మన పెద్దల్లో చాలామంది వినే ఉంటారు. తెలుగులో పాతాళగంధి అని కూడా అంటారు. యునానీ హకీములకు అది అస్రోల్. నిద్ర పట్టనివారికి, మతి చలించినవారికి తరతరాలుగా ఇస్తూ వచ్చారు. ఆ వేరు నుంచి గుండె మందును వేరుచేసిన రసాయన శాస్త్రవేత్త డాక్టర్ సలీముజ్జమాన్ సిద్దీఖీ.

ఆయన 1897లో లక్నో దగ్గర బారాబంకీ జిల్లా సుబేహాలో జన్మించారు. అలీగఢ్‌లో చదివింది తత్వశాస్త్రం. వైద్యం చదవాలని 1920లో లండన్ వెళ్ళారు. ఏడాదికే జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌కు మారి రసాయన శాస్త్రం పట్టుకున్నారు. బొమ్మలు కూడా వేసేవారు. 1924లో అక్కడ తన చిత్రాల ప్రదర్శన జరిగింది. 1927లో డాక్టరేట్ పొందారు.

దేశీ మూలికలను కొత్త విజ్ఞానంతో పరీక్షించాలన్నది ఢిల్లీ హకీమ్ అజ్మల్ ఖాన్ తపన. అందుకే తిబ్బియా కాలేజీలో పరిశోధన విభాగం నెలకొల్పే పనికి సిద్దీఖీని ఎంచుకున్నారు. దాని ఫలితం చూసే భాగ్యం మాత్రం హకీమ్ సాహెబ్‌కు దక్కలేదు. 1927 డిసెంబరులోనే కన్నుమూశారు.

1931లో సిద్దీఖీ సర్పగంధ వేరు నుంచి కొన్ని స్ఫటిక పదార్థాలను విడదీశారు. ఒకదానికి అజ్మలిన్ అని పేరు పెట్టారు. మరి రెండింటికీ హకీమ్ పేరే కలిపారు. తన పేరు ఎక్కడా పెట్టుకోలేదు. యునానీని పాతచింతకాయ పచ్చడిగా చూసే చదువరులున్న కాలంలో ఒక హకీమ్ పేరు రసాయన గ్రంథాల్లోకి ఎక్కడం చిన్న సంగతి కాదు.

గుండె కండరంలోని కణాల్లోకి సోడియం చేరే వేగాన్ని అజ్మలిన్ తగ్గిస్తుంది. దానివల్ల లయ తప్పిన గుండె కుదుటపడుతుంది. ఈనాడు దీన్ని ఎక్కువగా పరీక్షకు వాడుతున్నారు. బ్రుగాడా అనే జబ్బులో పైకి ఆరోగ్యంగా కనిపించే మనిషి గుండె హఠాత్తుగా ఆగిపోవచ్చు. అనుమానమున్న వారికి ఆసుపత్రిలో అజ్మలిన్ ఎక్కించి, ఈసీజీలో దాగిన లోపాన్ని బయటపెడతారు. అదే వేరు నుంచి 1952లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు రెసర్పిన్ తీశారు. బీపీకి అది చాలాకాలం నడిచింది. అయితే కొందరిలో తీవ్రమైన దిగులు కలిగిస్తుందన్న ఫిర్యాదులూ వచ్చాయి. కాబట్టి మంచిదన్నారు కదా అని ఎవరూ ఆ వేరు అరగదీసుకుని తాగకండి.

సిద్దీఖీ 1951లో పాకిస్తాన్ వెళ్ళిపోయారు. మనవైపు ఆయన పేరు అంతగా వినిపించకపోవడానికి అదొక కారణం కావచ్చు. 1961లో లండన్ రాయల్ సొసైటీ సభ్యులయ్యారు.

మన బెజవాడ వీధుల్లో నీడనిచ్చే వేపచెట్టునూ ఆయన వదల్లేదు. 1942లోనే వేపనూనె నుంచి నింబిన్‌ను వేరుచేశారు. ముదిమిలో సైతం కరాచీ విశ్వవిద్యాలయంలో వేప మీద పని చేస్తూనే ఉన్నారు. 1994 ఏప్రిల్ 14న అక్కడే కన్నుమూశారు.