ఓటమిని మీదేసుకున్న పెద్దమనిషి

సికింద్రాబాద్‌ల చెన్నై రైలెక్కితె, గూడూరు దాటినంక సూళ్లూరుపేట వస్తది. రాకెట్లు లేసే శ్రీహరికోట దీవికి ఆడికెల్లే తొవ్వ. ఆ కేంద్రానికి సతీష్ ధావన్ పేరు పెట్టిండ్రు. ఆయన ఎవలని మా బస్తీ పిల్లగాండ్లను అడిగితె ఒక్కలకు ఎర్క లేదు. అందుకే రాస్తున్న.

ధావన్ 1920ల శ్రీనగర్‌ల పుట్టిండు. లాహోర్‌ల లెక్కలు, ఫిజిక్స్ సదివిండు. ఇంగ్లిష్ సాహిత్యంల ఎమ్మే చేసిండు, ఆనక మెకానికల్ ఇంజినీరింగ్. అమెరికాల పీహెచ్‌డీ చేసి, 1951ల బెంగళూరు సైన్స్ ఇన్‌స్టిట్యూట్‌ల చేరిండు. 1972ల ఇస్రో బాధ్యత ఆయన చేతికొచ్చింది.

ఆ పని ఎంత కష్టమో తెలవాలంటే రాకెట్ సంగతి జర తెలవాలె. రాకెట్ నేలను తన్ని, గాలిని నెట్టి పోతదని చానమంది అనుకుంటరు. పదో తరగతితోనే బడి ఇడిసిన నేను కూడ చానేండ్లు గట్లనే అనుకున్న. కాదు. చెరువుల తెప్ప మీదికెల్లి ఒడ్డుకు దుంకితె తెప్ప ఎనుకకు పోతది. గదే సూత్రం. రాకెట్ తన కడుపుల కాలిన గ్యాస్‌ను బలంగ ఎనుకకు ఇసురుతది, ఆ గ్యాస్ రాకెట్‌ను ముందుకు తోస్తది. అందుకే గాలి లేని కాడ కూడ పోతది. ఇంధనం కాలినకొద్ది బరువు తగ్గుతది, అదే తోపుకు వేగం ఇంకింత జల్ది పెరుగుతది. కాలిపోయిన దశను మోసుడెందుకని మధ్యలనే ఇడిసేస్తది.

మన ఎస్ఎల్‌వీ-3 పొడుగు 22 మీటర్లు, బరువు 17 టన్నులు, దశలు నాలుగు. ఇంతా చేసి మోసేది 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని. కక్ష్యల నిలవాలంటే దాని వేగం సెకనుకు దగ్గర దగ్గర 8 కిలోమీటర్లు ఉండాలె.

1979 ఆగస్టు 10న మొదటి ఎస్ఎల్‌వీ-3 లేసింది. రెండో దశను తిన్నగ నడిపే వ్యవస్థల ఆమ్లం కారిపోయి, 317 సెకన్లకు బంగాళాఖాతంల పడ్డది. ఆ ప్రాజెక్టుకు పెద్ద అబ్దుల్ కలాం. ధావన్ ఆయనను బలిపెట్టలే. పత్రికలోళ్ల ముందట తనే కూసొని బాధ్యత తన మీదేసుకున్నడు. 1980 జులై 18న రోహిణి కక్ష్యకెక్కింది. ఆ దినం మాత్రం కలామ్‌నే మాట్లాడుమని ముందట పెట్టిండు. ఈ ముచ్చట ఆనక కలామే చెప్పిండు.

రాకెట్ ముందుకు పోవాలంటే ఏదో ఒకటి ఎనుకకు ఇసరాల్సిందే. మనుషుల నడుమ గా సూత్రం లేదు. కాని మన ఆఫీసులల్ల, సంఘాలల్ల, పార్టీలల్ల కింది మనిషిని ఎనుకకు నూకి మీదికి పోయేటోళ్లే ఎక్కువ.

ఇంకో మాట కూడ చెప్పాలె. ఆ దీవిని రాకెట్ల కోసం తీసుకున్నప్పుడు, తరాలుగా ఆడ బతికిన యానాదులు చానమంది జాగ ఇడిసిపెట్టాల్సొచ్చింది. రాకెట్ లేసినప్పుడల్ల చప్పట్లు కొడతం, ఆళ్లను యాది చేసుకోం. మనుషులు కాలి పడిపోయే దశలు కారు.

ధావన్ 2002 జనవరి 3న చనిపోయిండు. తమ్ముండ్లూ, చెల్లెండ్లూ, రేపు మీరు సర్పంచులైతరు, లీడర్లైతరు. పని చెడిపోయిన నాడు ఎవలను ముందట నిలబెడుతరో ఇప్పుడే అనుకోండ్రి.