పక్షుల తాత సలీం అలీ గారు

సలీం అలీ గారు 1896 నవంబరు 12న బొంబాయిలో జన్మించారు. ఇంట్లో పిల్లలందరిలో ఆఖరివాడు. ఏడాది వయసులో తండ్రి, మూడేళ్ళకు తల్లి చనిపోతే మేనమామ గారు పెంచారు. మన హాస్టల్లో కూడా అలాంటి చెల్లెళ్ళు ఉన్నారు కాబట్టి ఈ సంగతి ముందే రాశాను.

చిన్నప్పుడు ఆయనకు ఎయిర్ గన్‌తో పిచ్చుకల్ని కొట్టడమే పని. ఒకసారి కొట్టిన పిచ్చుక మెడ కింద పసుపు మచ్చ ఉంది. అదేం పిట్టో ఇంట్లో ఎవరికీ తెలియలేదు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పట్టుకెళితే మిల్లార్డ్ దొర దాని పేరు చెప్పి, సొరుగులు లాగి, దూది కూరి దాచిన పిట్టల్ని ఎన్నో చూపించారు. ఇంక అప్పట్నించి ఆయన బతుకంతా పిట్టల వెనకాలే. మా ఊళ్ళో మగపిల్లలు కూడా ఉండేలు పట్టుకుని తిరుగుతారు. వాళ్ళకి సొరుగులు తీసి చూపించేవాళ్ళే లేరు.

డిగ్రీ లేదని ఆయనకు సర్కారు ఉద్యోగం ఇవ్వలేదు. 1930లో సముద్రం పక్కన కీహిం అనే ఊళ్ళో ఉంటూ గిజిగాళ్ళను చూశారు. మగపిట్ట సగం గూడు అల్లి ఆగుతుంది. ఆడపిట్ట వచ్చి లోపలా బయటా చూసుకుని, నచ్చితేనే ఉంటుంది. అప్పుడు మగపిట్ట మిగతాది అల్లుతుంది. తర్వాత ఇంకో గూడు మొదలుపెట్టి ఇంకో ఆడపిట్ట కోసం చూస్తుంది! ఈ సంగతి ముందుగా కనిపెట్టి రాసింది ఆయనే.

1931లో మన నైజాం రాష్ట్రంలో పక్షుల సర్వే చేశారు. 1933లో కేరళ వైపు అడవుల్లో తిరిగి, పెరియార్ ఏటి ఒడ్డున తట్టేకాడ్‌లో ఉన్నన్ని రకాల పిట్టలు ద్వీపకల్ప భారతంలో ఇంకెక్కడా లేవని చెప్పారు. 1983లో అది పక్షుల అభయారణ్యం అయ్యింది. ఇప్పుడు దానికి ఆయన పేరే.

రాజస్థాన్‌లోని భరత్‌పూర్ చెరువులు రాజుల వేటస్థలం. 1938లో ఒక్కరోజే 4,273 పిట్టల్ని కాల్చారు. ఆ చోటు నిలబడిందంటే ఆయన పట్టుదల వల్లనే. కానీ ఇంకో సంగతి కూడా రాయాలి. అక్కడ గేదెల్ని మేపకూడదని ఆయన అన్నారు. 1982లో సర్కారు మేత ఆపేసింది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఎదురు తిరిగితే కాల్పుల్లో కొందరు చనిపోయారు. గేదెలు పోయాక గడ్డి, తుంగ నీళ్ళను కప్పేసి పిట్టలకు చోటు లేకుండా పోయింది. ఆయన సొసైటీవాళ్ళే ఏళ్ళ తరబడి పరిశీలించి, గేదెల వల్ల మేలే జరిగిందని తేల్చారు. మా నాన్న అడవిలో గొడ్లు కాస్తాడు. అందుకని ఈ భాగం నేను రెండుసార్లు చదివాను. అంత గొప్పాయన ఆ గేదెలు కాసేవాళ్ళను ఒక్కసారి అడిగి ఉంటే బాగుండేది అనిపించింది.

మన కడప జిల్లాలో కలివికోడి అని ఒక పిట్ట ఉంది. రాత్రిపూట తిరుగుతుంది. 1900 తర్వాత ఎవరికీ కనపడక, అంతరించిందనుకున్నారు. సొసైటీవాళ్ళు బొమ్మలు పట్టుకుని ఊరూరా అడిగారు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర టార్చిలైటు వేసి దాన్ని పట్టుకొచ్చింది ఆ చుట్టుపక్కల వేటగాడే. తర్వాత అక్కడ శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం పెట్టారు. కలివికోడి దొరికేనాటికి సలీం అలీ గారికి 89 ఏళ్ళు. మరుసటి సంవత్సరం జూన్ 20న బొంబాయిలో కన్నుమూశారు.