శిశుపోషకురాలు జోసెఫిన్ బేకరు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో హడ్సను నదీతీరమున పకీప్సీ యను పట్టణము కలదు. సారా జోసెఫిన్ బేకరు 1873వ సంవత్సరము నవంబరు 15వ తేదీన అచ్చట జన్మించెను. తండ్రి న్యాయవాది. ఇంట దేనికిని కొదువ లేదు. ఆమెకు పదునారేండ్ల వయస్సున సోదరుడు మరణించెను. కొలది నెలలకే తండ్రియు టైఫాయిడు జ్వరమునకు బలియయ్యెను. పట్టణవాసులు త్రాగు నది నీరు కలుషితమై యుండుటయే ఆ జ్వరమునకు మూలము. కుటుంబభారము తనపై బడగా, ఆ బాలిక తొలుత తలపెట్టిన కళాశాల చదువు మాని, వైద్యవిద్య నభ్యసింప నిశ్చయించెను. స్త్రీలకు వైద్యమేల యని పలువురు వారించినను వినలేదు.

1898లో న్యూయార్కు నగరమందలి స్త్రీల వైద్యకళాశాలలో పట్టము పొంది, 1901లో నగర ఆరోగ్యశాఖ యందు ఇన్‌స్పెక్టరుగా చేరెను. పేదలు క్రిక్కిరిసి నివసించు మేడలలో అంతస్తు వెంట అంతస్తు ఎక్కి, జబ్బుపడిన శిశువులను వెదకుట ఆమె పని. వేసవిలో నగరమున వారమునకు 1500 మంది వరకు పసిబిడ్డలు మరణించుచుండిరని 1939లో వెలువడిన తన ఆత్మకథలో ఆమె వ్రాసికొనెను. వారిలో పెక్కుమంది అతిసారమువలన మరణించినవారే. బిడ్డలు పోవుట విధివ్రాత యని తల్లులు మిన్నకుండుట ఆమెను మరింత కలచివేసెను.

ఆ అతిసారమునకు పాలే పెక్కుచోట్ల కారణము. దూరపు పల్లెలలో పిదికిన పాలు రైళ్లలో నగరము చేరి, చిల్లర అంగళ్లలో పెద్ద డబ్బాలనుండి ముంచి పోయబడుచుండెను. దుమ్ము, ఈగలు, ఎండ వేడిమి ఆ పాలను విషతుల్యము చేయుచుండెను. కొందరు వర్తకులు నీళ్లును కలుపుచుండిరి. ఈ విద్య మన ఊళ్లకే పరిమితమని విద్యార్థులు తలపరాదు! నేథన్ స్ట్రాసు అను ధనికవర్తకుడు 1893 నుండియే, పాలను తగుమాత్రము వేడిచేసి వెంటనే చల్లార్చు పాశ్చరు పద్ధతిని అవలంబించి, అట్టి పాలను పేదలకు చౌకగా ఇప్పించుచుండెను. అది గొప్ప దానమే. కాని ఒక్క దాత నగరమంతటి శిశువులను కాపాడగలడా?

ఇన్‌స్పెక్టరు చేరుసరికి రోగియైన బిడ్డ సగము చేజారినట్లే యని బేకరు గ్రహించెను. జబ్బు రాకముందే ఆ యింటికి పోవలెను. 1908 వేసవిలో ఆమె కట్టి అవకాశము దొరకెను. బడులకు సెలవులగుటచే తీరికగానున్న 30 మంది నర్సులను, నగరపు తూర్పు భాగమున ఒక పేదవాడను ఆమె కప్పగించిరి. పుట్టిన ప్రతి శిశువు చిరునామాయు జననమరణముల కార్యాలయమునుండి మరుదినమే తెప్పించి, నర్సును ఆ యింటికి పంపెడిది. మందులు లేవు, సూదులు లేవు. తల్లిపాలే యిమ్మనుట, కిటికీ తెరచి గాలి రానిమ్మనుట, ఎండలలో బిడ్డకు పలుచని బట్ట వేయుమనుట, ప్రతిదినము స్నానము చేయింపుమనుట, ఇంతియే బోధ. వేసవి ముగియునప్పటికి ఆ వాడలో క్రిందటి వేసవికంటె 1200 మరణములు తగ్గెను!

ఆ యేడే శిశు ఆరోగ్యవిభాగ మేర్పడగా బేకరు దానికి అధిపతి యయ్యెను. ఆమె క్రింద నియమింపబడిన ఆరుగురు వైద్యులు స్త్రీ యాజ్ఞకు లోబడుట కొల్లక రాజీనామా చేయబూనిరి. ఒక్క నెల ఓపికపట్టి చూడుడని ఆమె కోరెను. నెల గడచినది, ఒక్కరును పోలేదు.

1911లో నగర ఆరోగ్యశాఖయే పాల కేంద్రములను తెరచెను. అచ్చట మంచి పాలు చౌకగా దొరకుటయే గాక, బిడ్డను తూచుటకును, పాలు కలుపు విధము తల్లికి నేర్పుటకును నర్సులుండెడివారు. నా మట్టుకు, పాలకంటె ఈ బోధయే యెక్కువ మేలు చేసినదని తోచును. కూలికిబోవు తల్లులయిండ్లలో చంటిబిడ్డలను సాకువారు బడియీడు అక్కలే గదా! వారికై చిన్నతల్లుల సంఘములు నెలకొల్పి, మీ యీడు బాలికలకు శిశుపోషణ నేర్పించెను. మంత్రసానులకు శిక్షణ నిప్పించి, లైసెన్సులు ఏర్పాటు చేయించెను.

దీనికిని అడ్డుతగిలినవారు లేకపోలేదు. బ్రూక్లిను ప్రాంతపు వైద్యులు ముప్పదిమందికి పైగా, బిడ్డలు ఆరోగ్యముగా నుండుటచే తమ వృత్తి దెబ్బతినుచున్నదని నగరాధిపతికి అర్జీ పెట్టుకొనిరి! తన విభాగమునకు అంతకుమించిన ప్రశంస లేదని బేకరు సంతోషించెను. శిశు ఆరోగ్యమునుగూర్చి ఉపన్యసింపుమని ఒక విశ్వవిద్యాలయ వైద్యకళాశాల కోరగా, స్త్రీలకు ప్రవేశములేని ఆ తరగతిలో తన్ను విద్యార్థినిగా చేర్చుకొనినగాని బోధింపనని పట్టుబట్టి, చేరి, 1917లో డాక్టరు పట్టము గైకొనెను.

1923లో ఆమె ఉద్యోగము విరమించునాటికి అమెరికా మహానగరములలో శిశుమరణములు మిక్కిలి తక్కువగానున్నది న్యూయార్కుననే. 1945 ఫిబ్రవరి 22వ తేదీన ఆమె కన్నుమూసెను.