దోమకాటుకు లెక్క కట్టిన రొనాల్డ్ రాస్

మలేరియా క్రిమి దోమ కడుపులో పెరుగుతుందని సికింద్రాబాద్‌లో కనుగొన్న సర్ రొనాల్డ్ రాస్ పేరు చాలామంది విన్నదే. దోమను కోసి చూసిన ఈ డాక్టరు దోమకాటుకు లెక్క కూడా కట్టారన్న సంగతి మాత్రం కొద్దిమందికే తెలుసు.

రాస్ 1857 మే 13న హిమాలయ ప్రాంతంలోని అల్మోరాలో జన్మించారు. తండ్రి సైన్యాధికారి. ఎనిమిదో ఏట ఇంగ్లండు పంపారు. లండన్‌లో వైద్యం చదివి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరారు. వైద్యంతోపాటు కవిత్వం, గణితం కూడా ఆయనకు ఇష్టమే.

ఆ రోజుల్లో చలిజ్వరం చిత్తడి నేలల నుంచి లేచే చెడుగాలి వల్ల వస్తుందని నమ్మేవారు. 1894లో లండన్‌లో కలిసిన డాక్టర్ పాట్రిక్ మాన్సన్ దోమలను పరిశీలించమని సలహా ఇచ్చారు. 1895లో సికింద్రాబాద్ వచ్చిన రాస్ దోమలను కోసి సూక్ష్మదర్శిని కింద చూడడం మొదలుపెట్టారు. మధ్యలో కలరా పనిమీద బెంగుళూరు వెళ్లవలసి వచ్చింది. రెండేళ్లు గడిచినా ఫలితం సున్నా. కారణం, ఆయన కోసినవి ఎక్కువగా మలేరియాను మోయని జాతి దోమలు. తప్పు గంపలో ఎన్నిసార్లు చేయి పెట్టినా కావలసిన కాయ దొరకదు గదా!

1897 ఆగస్టులో రెక్కలపై మచ్చలున్న దోమలు దొరికాయి. హుస్సేన్ ఖాన్ అనే రోగిని వాటిచేత కుట్టించారు. కాటుకు ఒక అణా చొప్పున ఇచ్చారు. ఆగస్టు 20న ఒక దోమ కడుపు గోడలో మలేరియా క్రిమి కణాలు కనిపించాయి. ఒక్కసారి కనిపిస్తే యాదృచ్ఛికం కావచ్చు. మర్నాడు కోసిన మరో దోమలోనూ అవే కణాలు, ఇంకా పెద్దవై కనిపించాయి. క్రిమి దోమలో పెరుగుతోందని తేలింది. 1898లో కలకత్తాలో పక్షుల మలేరియా దోమకాటుతో వ్యాపిస్తుందని రుజువు చేశారు. 1902లో నోబెల్ బహుమతి లభించింది.

అంతటితో చిక్కు తీరలేదు. దోమలను చివరిదాకా నిర్మూలించడం ఎవరివల్లా కాదు, కాబట్టి ఆ పని దండగ అని కొందరు వాదించారు. లాహోరు దగ్గరి మియాన్ మీర్ కంటోన్మెంటులో చేసిన దోమల నిర్మూలన సరైన ఫలితం ఇవ్వకపోవడం వారికి బలమైంది. దీనికి రాస్ గణితంతో జవాబు చెప్పారు. 1907లో మారిషస్ దీవికి వెళ్లి, మరుసటి ఏడాది ఇచ్చిన నివేదికలో ఆ లెక్క వేశారు.

ఆ లెక్కకు మూలం సంభావ్యత. అంటే ఒక సంగతి జరగడానికి ఎంత అవకాశం ఉందో అంకెల్లో చెప్పడం. నాణెం ఎగరేస్తే బొమ్మ పడే అవకాశం రెండింట ఒకటి. రెండు నాణేలూ బొమ్మే పడే అవకాశం నాలుగింట ఒకటి. ఒకదానిపై ఒకటి ఆధారపడని అవకాశాలను హెచ్చవేయాలి.

ఇదే తీరున, 1000 మంది ఉన్న ఊళ్లో ఒక్కరికే మలేరియా ఉందనుకుందాం. ఊళ్లో 48,000 దోమలున్నాయి. నాలుగింట ఒకటే మనిషిని కుట్టగలిగితే 12,000 కుడతాయి. వాటిలో ఆ ఒక్క రోగిని కుట్టేవి సగటున 12. క్రిమి ఎదగడానికి పది రోజులు, ఆపైన పడుతుంది. అంతవరకు మూడింట ఒకటే బతికితే మిగిలేవి 4. అందులో మళ్లీ మనిషిని కుట్టేది ఒక్కటే. పాత రోగి కోలుకునేసరికి కొత్త రోగి ఒకరు తయారు. జబ్బు ఊళ్లో నిలిచిపోతుంది.

అదే దోమలు సగమైతే ఇద్దరు రోగుల నుంచి సగటున ఒక్కరికే జబ్బు సోకుతుంది. రోగులు తగ్గుతూ పోయి చివరికి జబ్బే ఆరిపోతుంది. ఇది సగటు మాటే. ఏ ఇంట్లో ఎవరికి వస్తుందో ఈ లెక్క చెప్పదు, ఊరి సంగతి చెబుతుంది. అందువల్ల దోమలన్నీ చావనక్కరలేదు, ఒక హద్దుకు దిగువకు తగ్గితే చాలునని రాస్ తేల్చారు. నీటి గుంటలు పూడ్చడం వృథా కాదని అలా రుజువైంది.

1916, 1917 సంవత్సరాల్లో ఆయన ఈ గణితాన్ని మరింత పెంచారు. 1917 వ్యాసాల్లో హిల్డా హడ్సన్ అనే గణితవేత్త పాలుపంచుకున్నారు. 1950 దశకంలో జార్జి మెక్‌డొనాల్డ్ దాన్ని ముందుకు నడిపారు. అంటువ్యాధి ఎంతమందికి పాకుతుందో అంచనా వేసే నేటి పద్ధతులకు పునాదుల్లో ఇదొకటి.

రాస్ 1932 సెప్టెంబరు 16న లండన్‌లో కన్నుమూశారు. బేగంపేటలో ఆయన పరిశోధన చేసిన భవనానికి ఆయన పేరే పెట్టారు. ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా పాటిస్తున్నారు.