బిళ్ళల మీద పేరు లేని తెలుగు డాక్టరు

చిలకలూరిపేట: గర్భిణీ స్త్రీలకు ఆశా కార్యకర్త ఇచ్చే ఎర్ర బిళ్ళలో ఇనుముతోబాటు ఫోలిక్ ఆసిడ్ అనే విటమిన్ ఉంటుంది. బోదకాలు ఉన్న జిల్లాల్లో ప్రభుత్వం ఇంటింటికీ పంచే బిళ్ళ డి.ఇ.సి. రక్త కేన్సర్ వచ్చిన పసిపిల్లలకు పెద్దాసుపత్రుల్లో వాడే ముఖ్యమైన మందుల్లో ఒకటి మెథోట్రెక్సేట్. ప్లేగు మొదలు కళ్ళ జబ్బుల దాకా పనిచేసిన టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో మొదటిది ఆరియోమైసిన్. ఈ నాలుగింటి వెనుకా ఉన్న మనిషి ఒక్కరే. ఆయన మన తెలుగువాడు, డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు. మందుల డబ్బాల మీద ఎక్కడా ఆయన పేరు ఉండదు. అందుకే ఆ బిళ్ళలు మింగే మనలో చాలామందికి ఆయన తెలియదు.

రెండుసార్లు తప్పిన విద్యార్థి

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఏడుగురు సంతానంలో ఈయన నాలుగోవాడు. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆరోగ్యం చెడి ముందుగానే ఉద్యోగం మానుకోవలసి రావటంతో ఇల్లు గడవటం కష్టమైంది.

పదమూడేళ్ళ వయసులో సుబ్బారావు చదువు విడిచి, దగ్గరి బంధువు ఒకరిని తోడు చేసుకుని కాశీ బయలుదేరారు. అక్కడ యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు గడించాలని ఆలోచన. పెద్దవాళ్ళు దారిలోనే పట్టుకుని వెనక్కి తెచ్చారు. తల్లి పట్టుబట్టి రాజమండ్రిలో మళ్ళీ బడిలో వేసింది. మెట్రిక్యులేషన్‌లో రెండుసార్లు తప్పారు. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి రాసి గట్టెక్కారు. పరీక్ష తప్పిన పిల్లవాడిని పనికిరానివాడని కొట్టిపారేసే తల్లిదండ్రులు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ ముగిశాక సన్యాసం మీద మనసు పోయింది. రామకృష్ణ మఠంలో చేరబోతే, తల్లి అనుమతి తెచ్చుకోమన్నారు. తల్లి ఒప్పుకోలేదు. వైద్యం చదివితే సేవ చేసినట్లే అవుతుందని నచ్చచెప్పటంతో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. చదువు ఖర్చుకు కాబోయే మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి ఆదుకున్నారు. వారి కుమార్తె శేషగిరితో 1919లో వివాహం జరిగింది.

ఖద్దరు కోటు తెచ్చిన చిక్కు

అవి గాంధీగారి పిలుపుతో దేశం కదిలిన రోజులు. సుబ్బారావు ఆపరేషను గదిలోకి ఖద్దరు కోటు తొడుక్కుని వెళ్ళారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్ దొరకు అది గిట్టలేదు. మిగతా పేపర్లు బాగా రాసినా, పూర్తి ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు. దాని కంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్ చేతికిచ్చారు. ఆ సర్టిఫికెట్‌తో మద్రాసు వైద్య శాఖలో ఉద్యోగం దొరకలేదు.

అదే కాలంలో ఇంటి మీద పిడుగు పడింది. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి ఎనిమిది రోజుల తేడాలో చనిపోయారు. వారిని పొట్టన పెట్టుకున్నది స్ప్రూ అనే జబ్బు. తిన్నది ఒంటబట్టదు. విరేచనాలు కట్టవు. రక్తం తగ్గిపోయి మనిషి ఎండిపోతాడు. అప్పటికి ఇంగ్లీషు వైద్యంలో దానికి మందు లేదు. సుబ్బారావుకు కూడా అదే జబ్బు పట్టుకుంది. ఆయుర్వేద వైద్యులు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి మందుతో ఆయన బతికి బయటపడ్డారు. తరువాత లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే శరీరశాస్త్రం పాఠాలు చెప్పారు. ఈ జబ్బులకు మూలం ఏమిటో, మందు ఏమిటో కనిపెట్టాలన్న పట్టుదల అక్కడే బలపడింది.

ఆసుపత్రిలో రాత్రి పని

1920 దశకం మొదట్లో మామగారి సాయంతోను, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయంతోను ఆయన అమెరికా ఓడ ఎక్కారు. మూడేళ్ళలో తిరిగి వస్తానని భార్యకు చెప్పి వెళ్ళారు. బోస్టన్ నగరంలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధుల డిప్లొమాకు చేరారు. అక్కడ ఆయన మన పట్టాతో డాక్టరు పని చేయటానికి వీల్లేదు. పొట్ట గడవటానికి ఒక ఆసుపత్రిలో రాత్రిపూట నౌకరుగా చేరి, రోగుల మలమూత్రాల పాత్రలు శుభ్రం చేశారు. పగలు చదువు, రాత్రి ఈ పని.

డిప్లొమా తరువాత సైరస్ ఫిస్క్ అనే ప్రొఫెసర్ దగ్గర జీవరసాయన శాఖలో చేరారు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో తేల్చటం అప్పట్లో పెద్ద తలనొప్పి. వీరిద్దరూ 1925లో సులువైన పద్ధతి ప్రకటించారు. నమూనాలో కొన్ని రసాయనాలు కలిపితే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత ముదిరితే భాస్వరం అంత ఎక్కువ. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అని దానికి పేరు వచ్చింది. వైద్య విద్యార్థులు తరతరాలుగా అది నేర్చుకున్నారు. మన రైతులు భూసార పరీక్షకు మట్టి పంపితే అందులో భాస్వరం లెక్క కట్టేది కూడా ఈ నీలిరంగు కోవకు చెందిన పద్ధతితోనే. సూపరు ఎంత వేయాలి, డి.ఎ.పి. ఎంత వేయాలి అన్న సలహా ఆ లెక్క నుంచే వస్తుంది.

ఈ పద్ధతి చేతిలో ఉండబట్టే మరో రెండు పెద్ద సంగతులు తేలాయి. కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం ఉందని 1927లోను, ఎ.టి.పి. ఉందని 1929లోను వెల్లడించారు. ఎ.టి.పి.ని అదే కాలంలో జర్మనీలో లోమన్ కూడా విడిగా కనిపెట్టారు. నాగలి పట్టినా, మిరపకాయ కోసినా, కంటిరెప్ప ఆడించినా ఒంట్లో ఖర్చయ్యేది ఈ ఎ.టి.పి. శక్తే. తిన్న అన్నం చివరికి ఆ రూపంలోకి మారాకే మనకు సత్తువ అవుతుంది.

1930లో ఆయనకు పిహెచ్.డి. వచ్చింది. అయినా హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. ఆయన వేరుచేసిన కొన్ని పదార్థాల సంగతి ఫిస్క్ బయటికి రానివ్వలేదని, వాటిని ఏళ్ళ తరువాత వేరేవారు మళ్ళీ కనిపెట్టవలసి వచ్చిందని అదే శాఖలో పనిచేసిన జార్జి హిచింగ్స్ చెప్పారు. ఈ హిచింగ్స్‌కు 1988లో నోబెల్ బహుమతి వచ్చింది. సుబ్బారావు మాత్రం ఎవరితోనూ పేచీ పెట్టుకోలేదు.

అన్నదమ్ముల జబ్బుకు మందు

1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ మందుల కంపెనీలో చేరారు. 1942 నాటికి పరిశోధన విభాగానికి డైరెక్టరు అయ్యారు. అక్కడి నుంచి ఆరేళ్ళలో జరిగింది చూస్తే ఒక మనిషి జన్మకు సరిపోయే పని కాదనిపిస్తుంది.

మొదటిది ఫోలిక్ ఆసిడ్. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయిలో బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనత మీద పరిశోధన చేసింది. ఈస్ట్ సారం ఇస్తే వారికి రక్తం పడుతున్నదని కనిపెట్టింది. అందులో ఉన్న పదార్థం ఏమిటో అప్పట్లో తెలియలేదు. అది పాలకూర వంటి ఆకుకూరల్లో, కాలేయంలో ఉంటుందని తరువాత తేలింది. కాని టన్నుల కొద్దీ సరుకు పిండితే చిటికెడు రాదు. సుబ్బారావు బృందం 1945లో దాన్ని రసాయనాలతో తయారుచేసి చూపింది. దాంతో బిళ్ళ చవకైంది. ఇంకో విశేషం ఏమిటంటే, స్ప్రూ రోగుల్లో రక్తం పట్టటానికి ఈ ఫోలిక్ ఆసిడే పనిచేసింది. అన్న, తమ్ముడు ఏ జబ్బుతో పోయారో ఆ జబ్బుకు ఆయన చేతి మీదుగా మందు దొరికింది. అప్పటికి వాళ్ళు పోయి పాతికేళ్ళు దాటింది.

రెండోది కేన్సరు మందు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే పిల్లల డాక్టరు రక్త కేన్సర్ పిల్లలకు ఫోలిక్ ఆసిడ్ జాతి మందులిస్తే జబ్బు మరింత పెరిగినట్లు కనిపించింది. రక్తకణాలు పెరగటానికి ఫోలిక్ ఆసిడ్ కావాలి. కేన్సరు కణాలకు కూడా అదే కావాలి. అయితే దాన్ని అడ్డుకునే మందు ఉంటే కేన్సరు తగ్గాలి కదా అని ఆలోచన. సుబ్బారావు బృందం అచ్చు ఫోలిక్ ఆసిడ్ లాగానే కనిపించే నకిలీ పదార్థాలు తయారుచేసి ఇచ్చింది. తాళంలో తప్పు తాళంచెవి ఇరుక్కుంటే అసలుది దూరనట్లు, ఇవి చేరితే కేన్సరు కణానికి అసలు విటమిన్ పనికి రాదు. వాటిలో అమినోప్టెరిన్ అనే మందు ఇచ్చిన 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు కొంతకాలం తగ్గుముఖం పట్టిందని 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించారు. అంతకుముందు ఆ జబ్బు వచ్చిన పిల్లలకు ఆశ లేదు. అమినోప్టెరిన్‌కు తోబుట్టువే నేటి మెథోట్రెక్సేట్.

ఇదే మెథోట్రెక్సేట్‌ను చిన్న మోతాదులో కీళ్ళవాతానికి కూడా డాక్టర్లు రాస్తున్నారు. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. కీళ్ళవాతానికి ఈ బిళ్ళ వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. తెలియక రోజూ మింగితే ప్రాణం మీదికి వస్తుంది. గర్భిణులు అసలు వాడకూడదు. చీటీలో ఏ వారం అని రాశారో ఇంట్లో చదువుకున్నవారు చూసి ముసలివాళ్ళకు చెప్పాలి.

మట్టిలో బంగారం, దోమకు విరుగుడు

మూడోది ఆరియోమైసిన్. ఉద్యోగ విరమణ చేసిన బెంజమిన్ డుగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడిని సుబ్బారావు విభాగంలో పనికి పెట్టుకున్నారు. ఆయన ఊరూరి మట్టి తెప్పించి పరీక్షించగా, మిస్సోరీ విశ్వవిద్యాలయం పొలం మట్టిలో బంగారు రంగు సూక్ష్మజీవి ఒకటి కనిపించింది. అది చేసే పదార్థం పెన్సిలిన్‌కు లొంగని క్రిములను కూడా చంపింది. 1948లో లోకానికి తెలిసిన ఆ మందుతో టెట్రాసైక్లిన్ జాతి మొదలైంది. 1994లో సూరత్‌లో ప్లేగు వచ్చినప్పుడు జనం ఎగబడి మింగినవి టెట్రాసైక్లిన్ గొట్టాలే.

ఈ మందు కథకు తరువాతి అధ్యాయం మన కోళ్ళఫారాలకు సంబంధించినది. ఆరియోమైసిన్ తీయగా మిగిలిన పిప్పి మేపితే కోడిపిల్లలు త్వరగా పెరుగుతున్నాయని అదే కంపెనీ శాస్త్రజ్ఞులు 1950లో ప్రకటించారు. అప్పటి నుంచి జబ్బు లేకున్నా దాణాలో ఈ మందులు కలపటం ప్రపంచమంతా అలవాటైంది. దాంతో మందుకు లొంగని క్రిములు పుట్టుకొచ్చి, నీటిలోకి, నేలలోకి, మనుషుల్లోకి చేరుతున్నాయి. యూరప్ దేశాలు 2006 నుంచి పెరుగుదల కోసం ఇలా కలపటాన్ని పూర్తిగా నిషేధించాయి. మన దేశంలో కొలిస్టిన్ అనే మందును కోళ్ళకు, చేపలకు, పశువులకు వాడరాదని 2019లో నిషేధించారు. జలుబుకల్లా దుకాణంలో అడిగి రెండు గొట్టాలు కొని మింగటం, తగ్గిందనగానే ఆపేయటం కూడా ఇదే నష్టం చేస్తుంది.

నాలుగోది బోదకాలు మందు. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవుల్లో అమెరికా సైనికులకు ఫైలేరియా సోకింది. దానికి మందు వెదకగా 1947లో సుబ్బారావు బృందం హెట్రజాన్ పేరుతో డి.ఇ.సి. తెచ్చింది. మురుగునీటిలో పెరిగే దోమ కుట్టితే ఈ పురుగు ఒంట్లో చేరుతుంది. దాని పిల్లలు రాత్రిపూటే రక్తంలో తిరుగుతాయి. అందుకే రాత్రి పరీక్ష చేస్తారు. డి.ఇ.సి. వాటిని రక్తంలో లేకుండా చేస్తుంది. మన దేశంలో 2004 నుంచి ఊళ్ళకు ఊళ్ళు కలిపి ఈ బిళ్ళ పంచుతున్నారు. 2018 నుంచి కొన్ని జిల్లాల్లో మూడు మందులు కలిపి ఇస్తున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు ఒక జపాను కంపెనీ ఉచితంగా ఇచ్చే డి.ఇ.సి. బిళ్ళలు తయారయ్యేది మన విశాఖపట్నంలోనే.

పైకి ఏమీ లేదు, నాకెందుకు అని ఈ బిళ్ళను పారేసేవారు ఉన్నారు. కాలు వాచేది పురుగు చేరిన ఎన్నో ఏళ్ళకు. వాచిన కాలు మళ్ళీ మామూలు కాదు. ముందుగా మింగితేనే లాభం. రెండేళ్ళ లోపు పిల్లలు, గర్భిణులు, బాగా జబ్బుగా ఉన్నవారు తప్ప అందరూ వేసుకోవాలి. ఇప్పటికే వాచినవారు కాలు రోజూ సబ్బుతో కడిగి పొడిగా ఉంచుకుంటే జ్వరాలు, పుళ్ళు తగ్గుతాయి.

ఇల్లు చేరని మనిషి

మూడేళ్ళకని వెళ్ళిన సుబ్బారావు పాతికేళ్ళయినా ఇల్లు చేరలేదు. ఆయన వెళ్ళాక పుట్టిన కొడుకు పసితనంలోనే చనిపోయాడు. ఆ బిడ్డ ముఖం ఆయన చూడలేదు. భార్య శేషగిరి ఎదురుచూపులు ఫలించలేదు. లోకంలో ఎందరి బిడ్డలనో కాపాడిన కథలో ఈ ఇల్లాలి వంతు కూడా ఉందని మరువరాదు.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఏడాది నిండకముందే, 1948 ఆగస్టు 8 రాత్రి నిద్రలోనే గుండె ఆగి సుబ్బారావు కన్నుమూశారు. అప్పటికి వయసు 53. బిరుదులు లేవు, పెద్ద బహుమతులు లేవు. పని ఫలించిన చోట తాను వెనక్కి తగ్గి, తోటివారిని ముందు నిలబెట్టటం ఆయన పద్ధతి. 1953లో ఒక బూజు జాతికి సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు. శతజయంతి సందర్భంగా 1995లో మన తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది.

జనవరి 12 స్వామి వివేకానంద జయంతి. ఆ రోజు బడుల్లో యువజన దినం జరుపుతారు. రామకృష్ణ మఠంలో చేరబోయి, తల్లి మాట మీద డాక్టరైన సుబ్బారావు పుట్టింది కూడా ఆ తేదీనే. చిలకలూరిపేట చుట్టుపక్కల బడుల్లో ఉపాధ్యాయులు స్వామీజీ పటం పక్కన ఈయన పటం కూడా పెట్టి, మెట్రిక్ రెండుసార్లు తప్పిన సంగతితో సహా పిల్లలకు చెబితే బాగుంటుంది. ఖర్చు ఒక పటం, పది నిమిషాలు మాత్రమే.