వైణిక శిఖామణి చిట్టిబాబు

నిజామాబాదు జిల్లాలో, ముఖ్యముగా బోధను చుట్టుప్రక్కల చెరకు పండించు గ్రామములలో, పాత భూమి కాగితములు తిరుగవేసినచో పెద్ద గంగారాం, నడిపి గంగారాం, చిన్న గంగారాం అను పేర్లు వరుసగా కనబడును. నడిపి అనగా నడుమ పుట్టినవాడని అర్థము. ఇంటిలో గుర్తుకొరకు పిలిచిన పిలుపే కాగితమున కెక్కి, ఆ మనిషికి జీవితాంతము నిలిచిపోయినది. బిడ్డలు దక్కని ఇండ్లలో పుట్టిన శిశువును పెంటకుప్పపై నుంచి, మరల ఎత్తుకొని వచ్చి, పెంటయ్య అనియో పెంటవ్వ అనియో పేరు పెట్టు ఆచారమును ఉండెను. పేరు హీనముగా ఉన్నచో మృత్యువు ఆ బిడ్డవైపు చూడదని తల్లుల నమ్మకము. ఆ పేర్ల వెనుక ఎంత భయము, ఎంత ప్రేమ దాగియున్నవో పట్టికలో పేరు వ్రాసికొను ఉపాధ్యాయునకు తెలియును. పెద్దవాడైన పిదప అట్టి పేరు చెప్పుటకు తల వంచుకొను పిల్లలను నేను చాలమందిని చూచితిని.

అట్టి ముద్దుపేరుతోనే లోకమునకు తెలిసిన యొక మహావిద్వాంసుని కథ యిది.

చల్లపల్లి చిట్టిబాబు 1936వ సంవత్సరము అక్టోబరు 13వ తేదీన కాకినాడలో జన్మించెను. తండ్రి రంగారావు, తల్లి సుందరమ్మ. వారు బిడ్డకు మొదట పెట్టిన పేరు హనుమాన్లు. ఇంటిలో మాత్రము అతనిని చిట్టిబాబు అని పిలుచుచుండిరి. చిట్టి యనగా చిన్న. బాబు అను మాట ఎట్లును బిడ్డలకు చెల్లును. మన తెలుగు ఇండ్లలో ఇట్టి పిలుపు ఇంటింట వినబడునదే. అయితే పిల్లవాడు పెరిగి బడికి పోవు నాటికి ఆ పిలుపు వెనుకకు తగ్గి, బియ్యములో ఉంగరముతో వ్రాసిన పేరు ముందుకు వచ్చును. చల్లపల్లివారి ఇంట అట్లు జరుగలేదు. తండ్రియే హనుమాన్లు అను పేరు మార్చి, చిట్టిబాబు అను ముద్దుపేరునే కుమారునకు అసలు పేరుగా నిలిపెను. ప్రసిద్ధ కథకుడు బుచ్చిబాబు సంగతి వేరు. ఆయన అసలు పేరు శివరాజు వేంకట సుబ్బారావు. బుచ్చిబాబు రచనలకొరకు ఉంచుకొన్న పేరు. చిట్టిబాబునకు అట్లు వెనుక దాచుకొనుటకు మరియొక పేరు మిగులలేదు.

రంగారావుగారికి వీణ యందు ప్రీతి మెండు; తాను స్వయముగా వాయించుచుండెను. ఒకనాడు ఆయన వాయించుచుండగా ఒక స్వరము తప్పెను. ప్రక్కనున్న ఐదేండ్ల చిట్టిబాబు ఆ తప్పును పట్టి, ఆ స్వరమును సరిగా పలికించి చూపెను. వీణ యెరుగని వారికి ఈ మాట చిన్నదిగా తోచవచ్చును. వీణ నాలుగడుగుల పొడవైన వాద్యము. ఇరువదినాలుగు మెట్లు, ఏడు తంత్రులు దానికుండును. మెట్టుపై వ్రేలుంచిన మాత్రమున రాగము రాదు. తంత్రిని ప్రక్కకు లాగి, వెంట్రుకవాసి తేడా లేకుండ గమకమును పలికింపవలెను. ఆ తేడా పెద్దలకే చెవికి అందదు. ఐదేండ్ల పసివాని చెవికి అది అందెను. తండ్రి కోపగింపలేదు, నవ్వి ఊరకుండనూ లేదు. కుమారునకు శాస్త్రోక్తముగా వీణ నేర్పింప నిశ్చయించెను. నేను ఆ పిల్లవానిని మెచ్చుకొనుటకంటె ఆ తండ్రిని ఎక్కువ మెచ్చుకొందును. తన తప్పు దిద్దిన కుమారుని గురువునొద్దకు పంపిన తండ్రులు అరుదు.

పండ్రవాడ ఉప్పలయ్యగారు, ఈయుణ్ణి అప్పలాచార్యులుగారు అతని తొలి గురువులు. పండ్రెండవ యేట చిట్టిబాబు తొలి కచేరి చేసెను. తూర్పుతీరపు ఆ ప్రాంతము వీణకు పుట్టినిల్లువంటిది. కాకినాడకు సమీపమున నున్న పిఠాపురములో తుమరాడ సంగమేశ్వరశాస్త్రిగారు, విజయనగరములో వేంకటరమణదాసుగారు వీణాగానముతో పేరుపొందిరి. బొబ్బిలి వీణలు నేటికిని ప్రసిద్ధములు.

1948లో తలిదండ్రులు చిట్టిబాబును వెంటబెట్టుకొని మద్రాసు చేరిరి. వీణకొరకు కాదు, సినిమాకొరకు. భరణీ సంస్థవారు తీయుచున్న లైలా మజ్ను చిత్రములో అతడు బాలనటుడుగా నటించెను. ఆ నగరమునందే ఈమని శంకరశాస్త్రిగారు అతనికి గురువైరి. శాస్త్రిగారి తండ్రి అచ్యుతరామశాస్త్రిగారు పిఠాపురపు సంగమేశ్వరశాస్త్రిగారి శిష్యులు. ఈ విధముగా కాకినాడ విడిచిపోయిన పిల్లవానికి మద్రాసులో తిరిగి ఇంటిప్రక్క సంప్రదాయమే లభించెను. శంకరశాస్త్రిగారు వీణను పాడించినవారు. మీటు తగ్గించి, ఒక్క మీటులోనే గాత్రమువలె స్వరములను సాగదీయుట వారి పద్ధతి. శిష్యుడు దానిని గ్రహించి, తనదైన త్రోవను వేసికొనెను.

కడుపు నిండుటకు సంప్రదాయ మొక్కటి చాలదు గదా! చిట్టిబాబు సినిమా వాద్యబృందములలో వీణ వాయించి బ్రదుకుచు, మరియొక వంక సాధన సాగించెను. 1964లో వచ్చిన కలైకోయిల్ అను తమిళ చిత్రము ఒక వైణికుని కథ. అందు వినబడు వీణ చిట్టిబాబుదే. అట్టి కొలువులో ఆదాయము ఉండును గాని, తెరపై పేరు వేరొకరిది, పాట వేరొకరిది. అందే ఉండిపోయి, సుఖముగా కాలము గడపవచ్చును. చిట్టిబాబు అట్లుండలేదు. కచేరి వేదికనే తన చోటుగా చేసికొనెను.

1967లో మైసూరు మహారాజు జయచామరాజ ఒడయారు ఆయనకు వైణిక శిఖామణి బిరుదు నొసగెను. అప్పటికి ఆయన వయస్సు ముప్పదియొక్క యేడు కూడ నిండునో లేదో! ఆ గంభీరమైన సంస్కృత బిరుదము ప్రక్కన చిట్టిబాబు అను ఊయలతొట్టి పేరు ఉండుట చూచినవారికి చిరునవ్వు వచ్చి యుండును. అయినను మన పండితుల కిది క్రొత్త కాదు. అందరికి వ్యాకరణము నేర్పిన పరవస్తువారి పేరు చిన్నయ. ఆయన వ్రాసినది బాలవ్యాకరణము!

వీణ నాదము మెత్తనిది. రాజసభలలో, ఇంటి చావడిలో అది చాలును. వేలమంది కూడిన చోట వెనుక వరుసకు అందదు. మైకు, రేడియో, గ్రామఫోను రికార్డు వచ్చిన పిదప ఆ కొరత తీరెను. చిట్టిబాబు ఆ సాధనములను చక్కగా వినియోగించెను. త్యాగరాజ కృతులతోబాటు స్వయముగా కూర్చిన కృతులను గూడ వాయించెను. వానిలో కోయిల పాట మిక్కిలి ప్రసిద్ధము. తంత్రిని లాగి విడుచుటతోనే కొమ్మపై కోయిల కూసినట్లు, మరల దూరమున బదులు పలికినట్లు వినిపించెడివాడు. వేదఘోషవంటి గాంభీర్యమును గూడ ఆ తంత్రులే పలికెడివి. కోయిల కూత వినోదమే గాని సంగీతము కాదను పెద్దలు ఉందురు. నేను వారితో వాదింపను. కాని రాగ మెరుగని పామరుడు వీణకొరకు టిక్కెట్టు కొని కూర్చుండుట చిన్న సంగతి కాదు.

1990లో కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారము ఆయనను వరించెను. అప్పటికి గురువు శంకరశాస్త్రిగారు గతించి మూడేండ్లయ్యెను.

1996వ సంవత్సరము ఫిబ్రవరి 9వ తేదీన చిట్టిబాబు మద్రాసులో తనువు చాలించెను. ఆయనకు షష్టిపూర్తి కాకమునుపే ఇది జరిగెను. వార్తాపత్రికలు ప్రచురించిన పేరు, కాకినాడలో తల్లి బిడ్డను అన్నమునకు పిలిచిన ఆ పేరే.