గాలిని కొలిచిన మానవుడు – ఆటో లిలియెంటాల్

ఇంజను లేని విమానమే గ్లైడరు. సూర్యాస్తమయానికి నేల దిగి తీరవలెనన్న నిబంధన పలు గ్లైడరు పోటీలలో ఉన్నది. ఎండకు వేడెక్కి పైకి లేచే గాలియే ఆ విమానానికి ఊతం. చోదకుని కన్నులే దానికి దీపాలు. ప్రొద్దు క్రుంకితే ఆ రెండూ సన్నగిల్లుతవి. ఎగరడమెంత విద్యో, క్షేమంగా దిగడమూ అంత విద్యే. ఆ విద్యకు ఓనమాలు దిద్ది, దానికే ప్రాణం ధారవోసినవాడు జర్మను ఇంజనీరు ఆటో లిలియెంటాల్.

1848 మే 23వ తేదీన ప్రష్యా రాజ్యంలోని ఆంక్లాం పట్టణంలో అతడు జన్మించాడు. బాల్యంలోనే తండ్రి గతించగా తల్లి పెంచి పెద్దచేసింది. పచ్చికబయళ్లలో మేసే కొంగలు గాలికెదురుగా పరుగెత్తి పైకి లేవడం తమ్ముడు గుస్టావ్‌తో కలిసి గమనించేవాడు. తోటి పిల్లలు నవ్వుతారని అన్నదమ్ములు తాము కట్టిన రెక్కలను రాత్రివేళ పరీక్షించుకొనేవారట.

బెర్లినులో ఇంజనీరు విద్య ముగించి, 1870 నాటి ఫ్రాన్సు యుద్ధంలో పాల్గొని వచ్చి, ఆవిరి యంత్రాల కర్మాగారం స్థాపించాడు. లాభంలో పనివారికి వాటా ఇచ్చిన ఉదారుడు. అయినా మనసు పక్షుల వెంటనే ఉండేది. అంతకుముందు ఎందరో రెక్కలు కట్టుకొని దూకి భంగపడ్డారు. ఇతడు మొదట కొలతలకు పూనుకొన్నాడు. బల్లపరుపు రెక్కకన్న కొద్దిగా వంపు తిరిగిన రెక్కను గాలి ఎక్కువ బలంతో ఎత్తుతుందని ఏళ్లతరబడి పరీక్షించి, ఆ ఫలితాలను 1889లో గ్రంథంగా ప్రకటించాడు.

1891లో డెర్విట్స్ గ్రామం వద్ద సుమారు 25 మీటర్లు గాలిలో సాగాడు. 1894లో బెర్లిను శివార్లలో 15 మీటర్ల ఎత్తున మట్టిదిబ్బ కట్టించుకొన్నాడు. రీనో కొండలనుండి 250 మీటర్ల దూరం వరకు ఎగిరాడు. మొత్తం మీద రమారమి రెండువేలసార్లు గాలినెక్కి క్షేమంగా దిగాడు. కాని ఆ గ్లైడరును అదుపు చేయడానికి వ్రేలాడే తన దేహాన్ని అటూ ఇటూ ఊపడమే అతని ముఖ్య సాధనం. లోపమంతా అక్కడనే ఉన్నది.

1896 ఆగస్టు 9, ఆదివారం. స్టోల్న్ గ్రామం చెంత కొండపైనుండి ఎగిరిన గ్లైడరు గాలి విసురుకు ముక్కు పైకెత్తి నిలిచిపోయింది. కాళ్లు విసిరినా అది లొంగలేదు. సుమారు 15 మీటర్ల ఎత్తునుండి పడి అతని వెన్నెముక విరిగింది. మరునాడు బెర్లినులో కన్నుమూశాడు. వయస్సు 48 ఏండ్లు.

ఆ మరణవార్త అమెరికాలో సైకిళ్ల వ్యాపారం చేసుకొంటున్న విల్బర్ రైటును కదిలించింది. రైటు సోదరులు లిలియెంటాల్ పట్టికలతోనే పని ఆరంభించి, 1901లో గాలిసొరంగం కట్టి స్వయంగా కొలిచి చూచుకొన్నారు. అతనికి కొరవడిన అదుపును ముందు గ్లైడరుపైనే సాధించి, ఆ తర్వాతనే ఇంజను బిగించారు. 1903 డిసెంబరు 17న వారి విమానం ఎగిరింది.

విద్యార్థులు గ్రహించవలసినది ఇదే: అతడు పడిన ఒక్కసారిని లోకం తలచుకొంటుంది, అతడు దిగిన రెండువేలసార్లే లోకానికి ఎగరడం నేర్పినవి.